కండక్టర్లు చూపించిన వంటిళ్లు

మా పక్కింటి స్రవంతి అమెరికాలో ఒక పెద్ద ఊళ్లో రెండేళ్లు చదువుకుని పోయిన నెల కర్నూలుకు తిరిగొచ్చింది. వచ్చిన మూడోనాడు మా వంటింట్లో స్టూలు లాక్కుని కూర్చుని గంటసేపు ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడింది. చదువు గురించి అనుకునేరు, కాదు. చైనా వాళ్ల హోటళ్ల గురించి. "పెద్దమ్మా, మనం సాయంత్రం బండి కాడ తినే నూడుల్స్ ఉండాయి చూడు, అవి ఆడ ఒక్క చైనా హోటల్లో కూడా దొరకవు! మొదటిరోజు నేను పొయ్యి అవే అడిగితే ఆయప్ప నన్ను వింతగా చూసినాడు" అని మొదలుపెట్టింది. ఆ ఊళ్లో ఒక వీధి పొడుగునా చైనా వాళ్ల అంగళ్లేనట. ఒకటి సిచువాన్ వాళ్లది. కూరలో ముక్కల కన్నా ఎండుమిరపకాయలే ఎక్కువట, దాంట్లో వేసే మిరియాల్లాంటి గింజలకు నాలుక తిమ్మిరెక్కుతుందట. దాని పక్కది ఉత్తరాన గోధుమలు పండే చోటి వాళ్లది. అక్కడ అన్నం ఊసే లేదు, ముద్దపిండిని చేతులతో బారెడు పొడుగు సాగదీసి అప్పటికప్పుడు నీళ్లలో ఉడికించి పెడతారట. మూడోది సముద్రం పక్క వాళ్లది. కారమన్నదే వేయరట, చేపను ఆవిరి మీద ఉడికించి అల్లం ముక్కలు చల్లుతారట. "వాళ్లల్లో వాళ్లకే ఒకరి తిండి ఒకరికి పడదు పెద్దమ్మా! చైనా తిండి అనేదే లేదు, ఏ ఊరి తిండి ఆ ఊరిదే!" అని ఆ పిల్ల కళ్లు ఇంతింత చేసుకుని చెప్తుంటే నాకు నవ్వొచ్చింది. "ఆ సంగతి నీ వయసు రాకముందే నాకు తెలిసిందిలేవే" అన్నాను. "హైదరాబాదు దాటనిదానివి, నీకెట్లా తెలిసింది?" అని నిలదీసింది. చెప్పడం మొదలుపెట్టానో లేదో వాళ్లమ్మ పిలిస్తే లేచిపోయింది. సగంలో ఆగిన మాట నాకు అజీర్తి చేస్తుంది కాబట్టి మిగతాది ఇక్కడ రాసుకుంటున్నాను.

మాది ఆలూరు పక్క పల్లె. మా నాయన పత్తి అమ్ముకోవడానికి కర్నూలు వస్తూపోతూ ఉండేవాడు. మార్కెట్లో దళారి పని చేసిన ఒక సాయిబు ఆయనకు ప్రాణస్నేహితుడు. ఆ సాయిబు చనిపోయిన తర్వాత కూడా ఆయన భార్య జైనబ్ ఖాలాను పలకరించకుండా మా నాయన ఊరి బస్సెక్కేవాడు కాదు. అదే మార్కెట్లో మా నాయనకు మస్తానప్ప పరిచయమయ్యాడు. కడప జిల్లా మైదుకూరు పక్క పల్లెలో దూది ఏకి పరుపులు కుట్టే దూదేకుల సాయిబు. మాటల్లో తేలిందేమంటే, ఇద్దరికీ ఒక్కో కూతురు, ఇద్దరు కూతుళ్లకూ కర్నూల్లో టీచరు ట్రైనింగులో సీటొచ్చింది, ఇద్దరు తండ్రులకూ పంపాలని ఉంది, పంపాలంటే భయమూ ఉంది. చివరికి ఖాలా ఇంటి మిద్దె మీది గదిలో మమ్మల్నిద్దరినీ పెట్టారు. మా నాయన పెట్టిన షరతు ఒక్కటే. "ఇద్దురుంటే ఉండు. ఆ పాప యాపొద్దు ఇంటికి పోతే ఆపొద్దే నువ్వూ మూట కట్టుకోని రావల్ల. ఒంటి ఆడపిల్లను ఈడ ఇడిసిపెట్టి నేను నిద్దరపోలేను." ఆ పాప పేరు మాబున్ని. నాలాగే పందొమ్మిదేళ్లది, సన్నగా, మాట తక్కువగా ఉండేది. ఆ పిల్ల నిలబడితేనే నా చదువు నిలబడుతుంది. అందుకే మొదటి రోజు నుంచీ దాన్ని నేను కోడి తన పిల్లను కాచుకున్నట్టు కాచుకుంటూ వచ్చాను.

ఖాలా ఇల్లు పాత ఊళ్లో, తుంగభద్ర వైపు దిగే సందులో. తెల్లవారి నమాజు కాగానే ఆమె బొగ్గుల కుంపటి ముందు చేరేది. కళ్లద్దాల కాడ విరిగితే దారం కట్టుకుని చెవికి చుట్టుకునేది. ఉల్లిపాయలు ఎర్రగా వేగే వాసన మిద్దె మెట్లెక్కి వచ్చి మమ్మల్ని నిద్రలేపేది. పెసరపప్పో మసూరుపప్పో వేసి పొడిపొడిగా వండిన ఖిచిడీ, నువ్వులూ వేరుశెనగ బుడ్డలూ చింతపండుతో నూరిన ఖట్టా, ఆదివారమైతే దాంతోపాటు ఖీమా. గిన్నె మీద మూత ఎవరైనా ముట్టుకుంటే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది. జొన్నరొట్టె, నల్లటి గురెళ్ల గింజలు దంచిన కారం తప్ప వేరే ఉదయం ఎరగని నాకు ఆ ఇల్లు స్వర్గం. సాయిబుల ఇంట్లో నేను తింటానని తెలిసి మా అవ్వ ఊళ్లో పదిరోజులు సణిగిందట. "కూడు పెట్టే చేతికి కులమేందిమా" అని మా నాయన ఆమె నోరు మూయించాడట.

మా అవ్వ సణుగుడు పక్కన పెట్టండి, అసలు పొరపాటు చేసింది మస్తానప్ప. "మనోళ్ల ఇల్లే గదా, మన తిండే దొరుకుతాది" అనుకుని ఆయన నిశ్చింతగా కూతుర్ని వదిలిపోయాడు. ఖాలా కూడా అదే అనుకుంది, మనవాళ్ల పిల్ల, మన వంట ఇష్టంగా తింటుందని. కానీ మాబున్ని వాళ్లింట్లో మాట్లాడేది తెలుగు, రెండు పూటలా తినేది రాగిసంగటి. నమాజులో మాటలు తప్ప దానికి ఉర్దూ రాదు. ఖిచిడీ అన్నది అది పుట్టిన తర్వాత మొదటిసారి చూసింది ఆ ఇంట్లోనే. రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని నీళ్లు తాగి లేచిపోయేది. ఖాలా మనసు ఎంత నొచ్చుకుందో చెప్పలేను. "ముసల్మాను ఇంట పుట్టి ఖిచిడీ తినదంట! నా చేతిలో ఏం ఐబు, ఏం లోపం ఉండాదో చెప్పమను బేటీ" అని నాతో అనేది, అది వినేటట్టుగానే. మాబున్ని మిద్దె మీదికి వచ్చి కళ్లు తుడుచుకునేది. "వాసన బాగానే ఉండాది సరోజా. గొంతు దిగదు, నేనేం చేసేది?" అనేది. నెల తిరిగేసరికి దాని జాకెట్లు వదులైపోయాయి. నాకు చెప్పకుండా ఇంటికి ఉత్తరం రాసేసింది. మస్తానప్ప జవాబు రాశాడు, నాలుగు వారాలు ఓర్చుకో, అప్పటికీ కాకుంటే నాలుగో ఆదివారం నేనే వచ్చి పిల్చుకపోతా అని. ఆ కార్డు నా చేతికిచ్చి చదవమంది.  ఇంటికి పోతే దానికి సంబంధం సిద్ధంగా ఉంది, నాకూ సిద్ధంగా ఉంది. ఇద్దరిలో ఏ ఒక్కరమూ మళ్లీ పుస్తకం పట్టుకోము. ఇందులో నా గొప్పతనమేం లేదు, నా భయమే నాకు బుద్ధి పుట్టించింది. ఇంత పెద్ద కర్నూల్లో కడపోళ్లు లేకుండా ఉంటారా, ఉంటే సంగటి తినకుండా ఉంటారా అనుకున్నాను.

వెతకడమెలా? అప్పట్లో ఆడపిల్లలు హోటలు గడప తొక్కరు. ఫలానా చోట ఫలానా ఊరి తిండి దొరుకుతుందని బోర్డులూ ఉండవు. ఆలోచించగా ఆలోచించగా నాకు బస్సు కండక్టర్లు గుర్తొచ్చారు. పొద్దున ఆ ఊళ్లో బయలుదేరి మధ్యాహ్నానికి ఈ ఊళ్లో దిగే మనిషి తిండి కోసం తన ఊరి వాసన ఎక్కడ తగిలితే అక్కడికే పోతాడు. మొదటి ఆదివారం ఖాలా కునుకు తీసే వేళకు, కొండారెడ్డి బురుజు చూసొస్తామని చెప్పి మాబున్నిని లాక్కుని బస్టాండుకు పోయాను. కడప బస్సు అప్పుడే వెళ్లిపోయింది. పక్కన ఆదోని బస్సు నిలబడి ఉంది. ఊరికే పోవడమెందుకని ఆ కండక్టరును అడిగాను. "ఏమప్పా, మీరు మధ్యాన్నం యాడ తింటారు?" ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. "నేను యాడ తింటే నీకెందుకమ్మా?" అన్నాడు. "మాది ఆలూరు పక్క. ఇంటి తిండి తిని నెల దాటింది" అన్నాను. అంతే, ఆయన టికెట్ల సంచి భుజాన వేసుకుని ముందు నడిచాడు.

కట్టెల అడితి వెనక ఒక రేకుల గది. తిమ్మప్ప అనే ముసలాయన పొయ్యి దగ్గర, ఆయన భార్య బొరుగుల కుండ దగ్గర. ఆమె బొరుగుల్ని, అదే మరమరాల్ని, నీళ్లలో ముంచి గట్టిగా పిండి, చింతపులుసూ ఉల్లిపాయా వేసిన తిరగమోతలోకి దులిపి, పైన పుట్నాలపొడి చల్లింది. ఉగ్గాని! పక్కన వేడి వేడి మిరపకాయ బజ్జీలు. "కుచ్చో తాయీ, మొగోళ్లు చూస్తారని భయపడాకు" అని ఆమె మాకోసం తన పాత చీర ఒకటి తాడు మీద అడ్డంగా కట్టింది. ఆ చీర వెనక కూర్చుని మొదటి ముద్ద తినగానే నాకు ఏడుపొచ్చింది. ఎంత సంతోషమంటే, ఎవరి కోసం బయలుదేరానో కూడా మరిచిపోయి రెండోసారి పెట్టించుకున్నాను. మాబున్ని బజ్జీ కొసన కొరికి నన్నే చూస్తూ కూర్చుంది. "ఏందే, నెల్లాళ్ల నుంచి నువ్వూ దీనికోసం ఏడుస్తాంటివా?" అంది. నేను ఏడవడం లేదనే అనుకుంటూ వచ్చాను అప్పటిదాకా.

ఆ రోజు తిరిగొస్తుంటే నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. రోజూ నడిచే సందులే, కానీ ప్రతి మూసిన తలుపు వెనకా ఏ ఊరి పొయ్యి ఉందో అనిపించింది. రెండో ఆదివారం కడప బస్సు కండక్టరు దొరికాడు గానీ, ఆయన ఇంటి నుంచి క్యారియరు తెచ్చుకునే రకం. వదలకుండా ఆత్మకూరు బస్సాయన వెంట పడ్డాం. నల్లమల పక్క నుంచి వచ్చిన ఒక తల్లీ కూతుళ్లు నడిపే పూరింట్లో కొర్రన్నం, ఎండుచేపల పులుసు తిన్నాం. మాబున్ని సగం విస్తరి ఖాళీ చేసింది. నేను లోపల్లోపల ఎగిరి గంతేశాను. మూడో ఆదివారం ఇంకో కండక్టరు, సంగటి ఈడ దొరుకుతాదని ఒక చోటు చూపించాడు. పరుగులాంటి నడకతో వెళ్లాం. వచ్చింది జొన్నసంగటి, మా పక్కది. మాబున్ని వేలితో ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది. "సంగటే. కానీ మాది కాదు" అంది. ఆశపెట్టి లాగేసుకుంటే మనిషి ఎట్లా అయిపోతుందో అప్పుడు చూశాను. ఆ సాయంత్రమే అది రేకు పెట్టె సర్దుకుంది. నేను చేసిన మేలు దాన్ని వారం రోజులు ముందే సర్దుకునేట్టు చేసింది.

నాలుగో ఆదివారం మస్తానప్ప కడప బస్సు దిగాడు. కూతురి మొహం చూసి, దాని తలమీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. మేము అప్పటికే దాని పెట్టె బస్టాండుకు తెచ్చి కూలీకి అప్పగించాం. సాయంత్రం బస్సుకు వాళ్లిద్దరి తిరుగు ప్రయాణం, మరునాడు నాది. ఆయన కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే, ఆ బస్సు డ్రైవరు స్టీరింగు వదిలి దిగుతూ కనిపించాడు. ఇన్ని వారాలూ కండక్టర్ల వెంట పడ్డాను గానీ డ్రైవర్ని అడగాలని తట్టలేదు! పరుగెత్తి అడిగాను. "సంగటా? లారీ షెడ్ల ఎనకాల నాగమ్మ కాడ. ఇంగ యాడ?" అన్నాడాయన, అదేదో లోకమంతా తెలిసిన సంగతైనట్టు. నేను మస్తానప్ప ముందు చేతులు జోడించినంత పని చేశాను. "చిన్నాయనా, బస్సుకు ఇంకా శానా పొద్దుండాది. ఒక్క పూట తిని పోండి" అన్నాను. ఆయనకు ఆకలిగా ఉందో, నా మొహం చూసి జాలేసిందో, సరేనన్నాడు.

గ్రీజు వాసన, పాత టైర్ల గుట్టలు దాటుకుని పోతే ఒక రేకుల పంచ. లోపల లారీ డ్రైవర్లు వరుసగా కూర్చుని తింటున్నారు. మమ్మల్ని చూసి మాటలు ఆపేశారు. నాగమ్మ నడివయసు మనిషి, చీర కుచ్చెళ్లు నడుముకు దోపుకుని, తెడ్డుతో సంగటి గెలుకుతోంది. మాబున్నిని చూడగానే తెడ్డు ఆపింది. "ఎవురి బిడ్డవుమే నువ్వు? అట్ల వాడిపొయినావు?" అంది. ఆ యాస వినడంతోనే మాబున్ని పొయ్యి దగ్గరికి పోయి నిలబడింది. మస్తానప్ప తమ ఊరి పేరు చెప్పాడు. "అయితే మా పక్కోళ్లే, కుచ్చోండి" అని ఆమె చేతులు తడిపి, పొగలు కక్కే రాగిసంగటిని ముద్ద చేసి, బొటనవేలితో గుంట చేసి నెయ్యి పోసింది. పక్కన శెనక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి, నాటుకోడి పులుసు. మాబున్ని తల ఎత్తకుండా తినింది. నేను కూడా ఉత్సాహంగా ఒక ముక్క తుంచుకుని జొన్నరొట్టెను నమిలినట్టు నమిలాను. పైపళ్లూ కిందిపళ్లూ అతుక్కుపోయి నోరు తెరవలేక తిప్పలు పడుతుంటే డ్రైవర్లంతా గొల్లున నవ్వారు. "సంగటి నమిలేది కాదుమ్మే, పులుసులో ముంచి మింగల్ల!" అని నాగమ్మ నా నెత్తి మీద మొట్టింది. మాబున్ని నవ్వింది. రెండు నెలల తర్వాత మొదటిసారి పళ్లు కనిపించేలా నవ్వింది. మస్తానప్ప దాన్నే చూస్తూ ముద్ద పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు.

అందరూ తిన్నాక నాగమ్మ తన పళ్లెం తెచ్చుకుని మా పక్కన కూర్చుంది. పళ్లెంలో ఉన్నది జొన్నరొట్టె. మాబున్ని ఆశ్చర్యపోయి అడిగింది. "నువ్వు సంగటి తినవా పెద్దమ్మా?" నాగమ్మ నవ్వింది. "ఈ ఊరికి వచ్చిన కొత్తలో మా ఆయప్ప లారీ తోలేటోడు. నేను ఈ రొట్టెను చూసి మూడు నెలలు ఏడ్చినాను. ఆయప్ప పొయినాక ఇంటికి పోదామనుకుంటే పక్కింటామె రోజూ రొట్టె తెచ్చిచ్చేది, తినేదాంక పొయ్యేది కాదు. ఎప్పుడు అలవాటైందో నాకే తెలీదు. ఇప్పుడు సంగటి వీళ్ల కోసం చేస్తా, రొట్టె నాకోసం కాల్చుకుంటా" అంది.  మాబున్ని చెయ్యి చాపి ఆమె పళ్లెంలోంచి ఒక రొట్టె ముక్క తుంచుకుంది.

స్రవంతి చెప్పిన మాటలు తలలో తిరుగుతుంటే మొన్న ఆ లారీ షెడ్ల వైపు పోయి వచ్చాను. ఆ చోటు ఇప్పుడు గుర్తు పట్టలేం. పెద్ద మేడ లేచింది, కింద ఏసీ హోటలు. గోడంత బోర్డు మీద మన సీమ తిండంతా బొమ్మలతో సహా ఉంది, సంగటి, ఉగ్గాని, ఎర్రకారం దోసె, ఖిచిడీ. ఆత్రంగా మూడు రకాలు తెప్పించుకున్నాను. మూడూ ఒకే చేతి వంట, ఒకే మసాలా, అన్నిట్లోనూ ఒకే కొత్తిమీర. సంగటి మీద జీడిపప్పు పెట్టారు, నాగమ్మ చూసి ఉంటే తెడ్డు ఎత్తేది. పళ్లు కొరుకుతూ బిల్లు కోసం చూస్తుంటే పక్క బల్ల దగ్గర నలుగురైదుగురు ఆడపిల్లలు, కాలేజీ సంచులు పక్కన పడేసి, కాళ్లు చాపుకుని, హోటలు ఎగిరిపోయేలా నవ్వుతున్నారు. ఎవరి బిడ్డలని వాళ్లను ఎవరూ అడగలేదు. వాళ్లకు చీర అడ్డం కట్టాల్సిన పని ఎవరికీ పడలేదు. నా కోపం సగం అక్కడే చల్లారింది. తిండి అప్పటిదీ, కుర్చీ ఇప్పటిదీ కలిపి దొరికే హోటలు ఉంటే నేను అక్కడే కాపురం పెడతాను.

ఆ సాయంత్రం సంగతి ముగించాలి. నాగమ్మ దగ్గర్నుంచి మేం బస్టాండుకు తిరిగొచ్చేసరికి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. రేకు పెట్టెను కూలీ అప్పటికే బస్సు మీదికెక్కించి తాడు కట్టేశాడు. మస్తానప్ప ఎక్కి కిటికీ పక్క కూర్చుని కూతురికి చోటు పట్టాడు. నేను మాబున్ని చెయ్యి పట్టుకున్నాను, పట్టుకున్నానే గానీ ఉండమనే ధైర్యం రాలేదు. అది కాలు మెట్టు మీద పెట్టి, మళ్లీ కిందికి దించింది. తలెత్తి పైనున్న కూలీతో, "అన్నా, ఆ పెట్టె దింపు" అంది. మస్తానప్ప కిటికీలోంచి తల బయట పెట్టాడు. "ఏందిమా? సంగటి దొరికిందనా?" అన్నాడు. "సంగటి కోసం కాదు నాయనా. నంద్యాల బస్సోళ్లు యాడ తింటారో ఇంగా చూడలేదు" అంది మాబున్ని. ఆయనకు ఆ మాట అర్థమైందో లేదో తెలియదు. నాకు మాత్రం అర్థమై, బస్టాండులో అందరూ చూస్తుండగా గట్టిగా అరిచాను. బస్సు కదిలింది. ఆయన కిటికీ కమ్మి పట్టుకుని, కళ్లనీళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి, "మీయమ్మకు ఏమని చెప్పల్లమా?" అని కేకేశాడు.

మాబున్ని పెట్టె మీద చెయ్యేసి నిలబడి, బస్సు చప్పుడును మించి అరిచింది. "తింటాండాదని చెప్పు, నాయనా!"